పోలీసులు చెయ్యి చేసుకుంటే ఏం చేయాలి? వైజాగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్‌ని కాదు. కోర్టు కాంప్లెక్సులో న్యాయసేవల వాళ్ళ టేబుల్ దగ్గర వాలంటీర్‌గా కొన్నేళ్ళు కూర్చున్న మనిషిని. గాజువాక నుంచి, ఆరిలోవ నుంచి, భీమిలి నుంచి వచ్చినోళ్ళు తిప్పి తిప్పి ఇవే అడుగుతారు, అందుకని ఒకచోట రాసి పెడదాం అనిపించింది. కేసు సీరియస్ అయితే మాత్రం ఇది చదివి ఊరుకోకండి, లాయర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకోటి, 2024 జూలై 1 నుంచి చట్టాల పేర్లు మారాయి. అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే సీఆర్పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది, నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, సాక్ష్యాల సంగతి చెప్పే ఎవిడెన్స్ యాక్ట్ పోయి బీఎస్ఏ (భారతీయ సాక్ష్య అధినియం) వచ్చింది. స్టేషన్లో ఇప్పటికీ సగం మంది పాత నంబర్లే మాట్లాడతారు (41ఏ నోటీసు అంటేనే మనకీ అర్థమవుతుంది మరి), అందుకే అవసరమైన చోట రెండూ రాశాను. చట్టం పేరు లేకుండా సెక్షన్ నంబరు ఒక్కటే ఉంటే అది బీఎన్ఎస్ఎస్ అనుకోండి.

అసలు పోలీసులకి కొట్టే హక్కు ఉందా లేదా?

శిక్షగా కొట్టే హక్కు లేదు. ఏ చట్టంలోనూ లేదు. శిక్ష వేసేది కోర్టు, అది కూడా విచారణ అయ్యాక.

బలం వాడే అధికారం మాత్రం ఉంది, ఈ రెండిటికీ తేడా తెలియకే మనవాళ్ళు అయితే బెదిరిపోతారు లేకపోతే అనవసరంగా ఎగురుతారు. బీఎన్ఎస్ఎస్ 43 సెక్షన్ ప్రకారం అరెస్ట్ చేసేటప్పుడు మనిషి తిరగబడితేనో, తప్పించుకోడానికి చూస్తేనో పట్టుకోడానికి అవసరమైనంత బలం వాడొచ్చు. 46 సెక్షన్ ఏమంటుందంటే పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి కట్టడి చేయకూడదు అని. అంటే పరిగెడుతున్నోడిని పట్టుకుని కింద పడేశారు, అది ఓకే. పట్టుకున్నాక, చేతులు దొరికాక, జీపెక్కాక, స్టేషన్లో కూర్చోబెట్టాక పడే ప్రతి దెబ్బా చట్టం బయటదే. ప్రాణం తీసే దాకా వెళ్ళడం గురించి కూడా అదే 43లో ఉంది, ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషిని అరెస్ట్ చేసే పేరుతో చంపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు అని.

దీని వెనకాల ఉన్నది రాజ్యాంగం 21వ అధికరణం, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకీ రక్షణ. దొంగకీ ఉంది, రౌడీ షీటర్‌కీ ఉంది. ఇక్కడో మాట అనకుండా ఉండలేను. "నాలుగు తగిలించండి సార్, బుద్ధొస్తది" అని కన్నవాళ్ళే కొడుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పజెప్పిన కేసులు నేను చూశాను, తర్వాత ఆ నాలుగు కాస్తా నలభై అయ్యాక ఏడుస్తూ మా దగ్గరికొచ్చారు.

బీచ్ రోడ్డులో బండి ఆపి తాళం లాగేసుకున్నారు. అడగొచ్చా?

అడగొచ్చు, మర్యాదగా. మోటారు వాహనాల చట్టం కాగితాలు చూపించమని అడిగే అధికారం ఇచ్చింది, డిజీలాకర్‌లో చూపిస్తే చాలు. లైసెన్సో రిజిస్ట్రేషనో లేకపోతే బండి స్వాధీనం చేసుకోవచ్చు, దానికి రసీదు ఇవ్వాలి. కదిలే బండి తాళం లాక్కోడం అనేది మాత్రం ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదు. డ్రంక్ అండ్ డ్రైవ్ అయితే గొట్టంలో ఊదాల్సిందే, ఊదను అని మొండికేస్తే వ్యవహారం ముదురుతుంది. చెంప మీద కొట్టడం చలానాలో భాగం కాదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా.

"ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్ళు" అన్నారు. వెళ్ళాలా?

ఎక్కువ గొడవ మొదలయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఫోన్ చేసి రమ్మన్నారంటే అది అరెస్టూ కాదు, నోటీసూ కాదు. నోటి మాట. చాలామంది ఎందుకొచ్చిన గొడవ అని వెళ్తారు, పొద్దున పదికి వెళ్ళినోడు రాత్రి దాకా బెంచీ మీద కూర్చుంటాడు, అడిగితే "అరెస్ట్ చెయ్యలేదుగా, ఊరికే కూర్చోబెట్టాం" అంటారు, రికార్డులో ఆ మనిషి స్టేషన్‌కి వచ్చినట్టే ఉండదు. దెబ్బలు పడేది కూడా సరిగ్గా ఈ కాగితం లేని టైమ్‌లోనే, ఎందుకంటే రాతలో లేని మనిషికి ఏం జరిగినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా. మా చుట్టాలబ్బాయి ఒకడు ఇలాగే శనివారం రాత్రి వెళ్ళి సోమవారం పొద్దున బయటికొచ్చాడు, కాగితం మీద అతన్ని పట్టుకుంది ఆదివారం సాయంత్రం. ఏ స్టేషనో చెప్పను, అదిప్పుడు అనవసరం. మధ్యలో పోయిన ఆ రోజుని రుజువు చేయడానికి మాకు దొరికింది అతని బండి పార్కింగ్ చీటీ, వాళ్ళమ్మ టిఫిన్ పట్టుకెళ్ళినప్పుడు పక్క టీ కొట్టులో చేసిన ఫోన్‌పే, అంతే. అప్పట్నుంచి నేను ఎవరొచ్చినా మొదట చెప్పేది ఒకటే, టైమ్ రాసుకోండి, కాగితం అడగండి.

ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్ట్ అనేది మామూలుగా జరగాల్సింది కాదు, ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. పాత 41ఏ, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3). 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది, అరెస్ట్ చేయాలంటే ఎందుకు అవసరమో కారణాలు రాయాలి, మేజిస్ట్రేట్ కూడా ఆ కారణాలు చూడకుండా రిమాండ్ ఇవ్వకూడదు అని. నోటీసు చేతికిచ్చి సంతకం తీసుకోవాలి, వాట్సాప్‌లో పంపేస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. నోటీసు వచ్చాక మాత్రం ఎగ్గొట్టకండి, ఎగ్గొడితే అదే అరెస్టుకి కారణం అవుతుంది.

సాక్షిగా పిలిచినా రాతపూర్వకంగానే పిలవాలి, అది 179 సెక్షన్. ఆడవాళ్ళని, 15 ఏళ్ళ లోపు పిల్లల్ని, 60 దాటినవాళ్ళని, వికలాంగుల్ని, జబ్బు ముదిరి ఉన్నవాళ్ళని స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు, పోలీసులే ఇంటికొచ్చి అడగాలి.

నోటీసు లేకుండా వెళ్ళక తప్పకపోతే ఒంటరిగా వెళ్ళొద్దు. లోపలికెళ్ళే ముందు ఇంట్లో వాళ్ళకి "ఫలానా స్టేషన్, ఫలానా ఎస్సై గారు పిలిచారు, ఇప్పుడు టైమ్ ఇంత" అని మెసేజ్ పెట్టండి. లోపల "సార్, నన్ను అరెస్ట్ చేశారా, ఎంక్వైరీకి పిలిచారా?" అని ఒక్కసారి నెమ్మదిగా అడగండి. ఎంక్వైరీకే అంటే "అయితే మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు సార్" అని లేవొచ్చు. లేవనివ్వలేదంటే అది ఊరికే కూర్చోబెట్టడం కాదు మరి.

అరెస్ట్ అయితే ఏమేం అడగాలి?

అరెస్ట్ చేసే పోలీసాయన పేరు కనబడేలా బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్ట్ మెమో రాయాలి, అందులో తేదీ, టైమ్ ఉండాలి, ఇంటి మనిషో ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, అరెస్ట్ అయినవాడూ పెట్టాలి. ఇవన్నీ 1996 డీకే బసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన 11 సూత్రాల్లోంచి వచ్చి తర్వాత చట్టంలోకి ఎక్కినవి, ఇప్పుడు 36 సెక్షన్‌లో ఉన్నాయి. మీ వాళ్ళలో ఒకరికి కబురు చెప్పాలి, అది 48. లాయర్‌ని కలవనివ్వాలి, అది 38, ఇంటరాగేషన్ మొత్తం పక్కన కూర్చోనివ్వరు గానీ మధ్యలో కలవొచ్చు.

ఎందుకు అరెస్ట్ చేశారో చెప్పడం రాజ్యాంగం 22(1) కింద తప్పనిసరి. నోటితో గొణిగితే సరిపోదు, రాతలో, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పేసింది, అప్పటికప్పుడు కుదరకపోతే కనీసం రిమాండ్‌కి తీసుకెళ్ళే రెండు గంటల ముందైనా ఇవ్వాలట. మనకైతే తెలుగులో అన్నమాట. ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి సంతకం చెయ్యి అంటే "తెలుగులో కావాలి సార్" అనడం మొండితనం ఏమీ కాదు.

24 గంటలు అంటారు కదా, ఎప్పట్నుంచి లెక్క?

రాజ్యాంగం 22(2) ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, ప్రయాణం టైమ్ మినహాయింపు. పాడేరు నుంచో చింతపల్లి నుంచో తెచ్చారంటే ఆ ఘాట్ రోడ్డు టైమ్ తీసేయొచ్చు గానీ మద్దిలపాలెం నుంచి కోర్టుకి ఎంత ప్రయాణం చెప్పండి! ఆదివారం, పండగ అనే మినహాయింపు లేదు, సెలవు రోజైతే మేజిస్ట్రేట్ ఇంటికైనా తీసుకెళ్తారు. లెక్క మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్న క్షణం నుంచి ఉండాలి, మెమోలో వేసుకున్న టైమ్ నుంచి కాదు. అందుకే పైన పార్కింగ్ చీటీ గురించి అంతసేపు చెప్పింది.

మావాడు ఎక్కడున్నాడో ఏ స్టేషన్లోనూ చెప్పట్లేదు. ఏం చేయాలి?

జిల్లా కంట్రోల్ రూమ్‌లో అరెస్టైన వాళ్ళ పేర్లు ఉండాలి, స్టేషన్ బయట కూడా కనబడేలా పెట్టాలి, ఇది 37వ సెక్షన్. అక్కడా లేకపోతే రెండు దారులు. ఒకటి, బీఎన్ఎస్ఎస్ 100 కింద (పాత 97) ఇక్కడే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి, అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం సెర్చ్ వారెంట్ అడగడం. రెండోది, అమరావతిలో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మని అడిగే పిటిషన్, అది రాజ్యాంగం 226వ అధికరణం కింద. చాలామందికి రెండోదే తెలుసు, మొదటిది దగ్గర, ఖర్చు తక్కువ. లాయర్ పిటిషన్ రెడీ చేస్తున్నాడు అనే కబురు వెళ్ళేసరికే మనిషి ఇంటికొచ్చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, నవ్వొస్తుంది గానీ నిజం.

కొట్టారు. ఇప్పుడు మొదట ఏం చేయాలి?

ఆసుపత్రికి వెళ్ళండి. కంప్లైంట్ తర్వాత, మీడియా తర్వాత, కుల పెద్దలు తర్వాత, ఎమ్మెల్యే తర్వాత. ముందు ఆసుపత్రి.

కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్ళి ఎంఎల్సీ కింద రాయమని అడగండి, అంటే మెడికో లీగల్ కేసు. డాక్టర్ "ఎలా తగిలింది" అని అడిగితే "కింద పడ్డాను" అని చెప్పి రాయించుకున్నారంటే తర్వాత ఏ కోర్టూ మిమ్మల్ని కాపాడలేదు, ఈ తప్పు పదిమందిలో ఆరేడుగురు చేసేవారు మా దగ్గరికి వచ్చిన వాళ్ళలో. భయం, ఇంకేం కాదు. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి, దేనితో కొట్టారో చెప్పండి, పేరు తెలియకపోతే ఎలా ఉంటాడో చెప్పండి. వుండ్ సర్టిఫికెట్ తర్వాత దీన్నిబట్టే తయారవుతుంది. అరికాళ్ళ మీద కొట్టినవి రెండు రోజుల్లో పైకి కనబడవు, నడిస్తేనే తెలుస్తుంది, అందుకని అరికాళ్ళు చూడమని ప్రత్యేకంగా అడగండి. కమిలిన చోట్ల ఫోటోలు తీయండి, మొహం కూడా కనబడేలా ఒకటి, దగ్గరగా ఒకటి, రెండు మూడు రోజులు వరుసగా తీయండి ఎందుకంటే రంగు మారుతుంది. చిరిగిన చొక్కా ఉతకొద్దు. అమ్మలు ముందు చేసే పని అదే, ఉతికేసి ఆరేస్తారు పాపం.

ఇంకా కస్టడీలోనే ఉంటే? 53 సెక్షన్ ప్రకారం అరెస్ట్ అయిన వెంటనే ప్రభుత్వ డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, ఒంటి మీద దెబ్బలు ఉంటే అవి సుమారుగా ఎప్పటివో రాయాలి, కాపీ మనకివ్వాలి. పరీక్ష గదిలో పోలీసు పక్కనే నిలబడి ఉంటాడు, అది తెలిసిందే, కాబట్టి అక్కడ నోరు రాకపోతే అసలు చోటు మేజిస్ట్రేట్ ముందు. రిమాండ్‌కి పెట్టినప్పుడు "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే అవకాశం ఒక్కసారే వస్తుంది, చాలామంది దారిలో విన్న బెదిరింపుకి "లేదండి" అనేస్తారు, అది రికార్డులో పడిపోతుంది. చొక్కా ఎత్తి చూపించండి. మేజిస్ట్రేట్ మళ్ళీ మెడికల్‌కి పంపమని ఆర్డర్ వేయొచ్చు.

నేరం ఒప్పించడానికి కొట్టడం అనేది పోలీసు మీద పెట్టే విడి నేరం, తెలుసా? బీఎన్ఎస్ 120 (పాత 330, 331), మామూలు గాయం అయితే ఏడేళ్ళ దాకా, తీవ్రమైన గాయం అయితే పదేళ్ళ దాకా.

భయపడి నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టేశాను. అయిపోయిందా?

అవ్వలేదు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు, బీఎస్ఏ 23. దాని ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే ఆ దొరికిన ముక్క వరకే పనికొస్తుంది. ఒప్పుకోలు చెల్లాలంటే మేజిస్ట్రేట్ ముందు, స్వచ్ఛందంగా ఉండాలి. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని 20(3) అధికరణం ఉంది, నార్కో టెస్టులు కూడా మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో చెప్పారు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం పెట్టకండి, పెట్టక తప్పకపోతే పక్కన తేదీ, టైమ్ వేసి పెట్టండి.

ఆడవాళ్ళని రాత్రి అరెస్ట్ చేయొచ్చా?

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం మధ్య చేయకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా రిపోర్టు పెట్టి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ పర్మిషన్ తీసుకోవాలి. ఒంటి మీద సోదా మహిళా పోలీసే చేయాలి. 18 లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టడానికే లేదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. వయసు తక్కువని తెలిసేలా పదో తరగతి మెమో ఫోటో ఫోన్లో ఉంచుకోండి, కుర్రాడు పొడుగ్గా ఉంటే ఎవరూ నమ్మరు.

ఆర్టీసీ కాంప్లెక్సులో బ్యాగులు తీసి గంజాయి చెకింగ్ అంటున్నారు, ఫోన్లు కూడా చూస్తున్నారు. ఒప్పుకోవాలా?

మన ఏజెన్సీ నుంచి గంజాయి కిందికి దిగేది ఈ ఊరి మీదుగానే, కాబట్టి ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్ దగ్గర చెకింగ్ లేకుండా ఉండదు, దాన్ని తప్పు పట్టను. ఒడిశా బస్సు దిగిన ప్రతి కుర్రాడినీ దొంగలా చూడటం మాత్రం తప్పే.

చట్టం ఏమంటుందంటే, మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం మీ ఒంటి మీద సోదా చేసే ముందు "గెజిటెడ్ ఆఫీసర్ ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ సోదా కావాలా" అని అడగాలి, మీకా హక్కు ఉందని చెప్పాలి. 2010లో రాజ్యాంగ ధర్మాసనం ఇది తప్పనిసరి అంది. బ్యాగుకి ఇది వర్తించదు, ఒంటికి మాత్రమే. అందుకే బ్యాగు విషయంలో ముందే జాగ్రత్త, తెలియనివాళ్ళ సంచీ "కాస్త పట్టుకో బాబూ" అంటే పట్టుకోకండి, అలా ఇరుక్కున్న డిగ్రీ కుర్రాళ్ళు ఉన్నారు.

ఫోన్ సంగతి, కేసూ కాగితం ఏమీ లేకుండా రోడ్డు మీద వాట్సాప్ తెరిచి చదివే అధికారం ఎవరికీ రాసివ్వలేదు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు. కేసులో భాగంగా స్వాధీనం చేసుకుంటే పంచనామా రాయాలి, ఇప్పుడు సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి కూడా, అది బీఎన్ఎస్ఎస్ 105.

అర్ధరాత్రి తలుపు కొడుతున్నారు, "ఊరికే చూసి పోదామని" అంటున్నారు

రౌడీ షీట్ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలు. 1962లోనే ఖరక్ సింగ్ కేసులో రాత్రిపూట ఇళ్ళకెళ్ళి తలుపు కొట్టే నిబంధనని సుప్రీంకోర్టు కొట్టేసింది. అరవై ఏళ్ళు దాటింది, తలుపు చప్పుడు మాత్రం ఆగలేదు. నిఘా పెట్టొచ్చు, ఇంట్లోకి దూరడం వేరు. వారెంట్ లేకుండా ఇల్లు సోదా చేయాలంటే దర్యాప్తు అధికారి కారణాలు రాసుకోవాలి (185), ఆ చుట్టుపక్కల మనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. కార్డన్ సెర్చ్ పేరుతో వీధి మొత్తం లేపినా ఇదే రూలు.

జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర ధర్నా చేస్తే లాఠీ ఎత్తొచ్చా?

రాజ్యాంగం 19(1)(బి) ప్రకారం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఉంది. దానికి న్యాయమైన పరిమితులు పెట్టొచ్చు, అందుకే ఈ ఊళ్ళో ఎప్పుడు చూసినా "సెక్షన్ 30 అమల్లో ఉంది" అనే మాట వినబడుతుంది, అది సభలకీ ఊరేగింపులకీ పర్మిషన్ తీసుకోమనే 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్. ఇక గుంపుగా చేరొద్దని ఆర్డర్ వేసే పాత 144 ఇప్పుడు 163. భిన్నాభిప్రాయాన్ని అణచడానికి దీన్ని వాడకూడదని 2020లో సుప్రీంకోర్టు అంది.

లాఠీచార్జి ఎలా జరగాలో 148 సెక్షన్ చూడండి. మొదట అది చట్టవిరుద్ధ గుంపు అయ్యుండాలి, లేదా శాంతికి భంగం కలిగించేలా ఉన్న అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో అయ్యుండాలి. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో స్టేషన్ ఇన్‌ఛార్జో, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని అధికారో చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. కదలకపోతే అప్పుడు బలం. మైకులో చెప్పకుండా, ఖాళీ చేయడానికి టైమ్ ఇవ్వకుండా మీద పడటం ఈ వరసలో లేదు. ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద పోలీసులు అర్ధరాత్రి పడ్డ కేసులో 2012లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. గుంపు కదిలిపోయాక వెంటపడి కొట్టడం గురించి కూడా 2016లో అనితా ఠాకూర్ కేసులో మాట్లాడింది, ఆపడానికి వాడిన బలం సరే, అదుపులోకొచ్చాక కూడా ఆపకపోవడం తప్పు అని.

ఈ ఊరికి ఇదంతా పుస్తకం సంగతి కాదు. 1966 నవంబర్ 1న విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కిన జనం మీద ఇక్కడే కాల్పులు జరిగాయి, ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారని చెప్పుకుంటాం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 2021 నుంచి మళ్ళీ కూర్మన్నపాలెం గేటు దగ్గర అరిచిన వాళ్ళలో ఆ రోజు సంగతి తాతల నోట విన్నవాళ్ళు ఉన్నారు. పైన శ్రీకాకుళంలో సోంపేట కూడా, 2010 జూలై 14, థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు. హక్కు అనే మాట మా వైపు ఊరికే నోట్లోకి రాలేదు.

ధర్నాకి వెళ్తే రాయి ముట్టుకోకండి. ఒక్క రాయి పడితే చాలు, 148 మొత్తం వాళ్ళకి దొరికేస్తుంది.

పోలీసులు కొడుతుంటే వీడియో తీయొచ్చా?

బహిరంగ ప్రదేశంలో తీయకూడదని ఏ చట్టం లేదు. స్టేషన్ లోపల తీసినా అధికార రహస్యాల చట్టం కింద అది నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు చెప్పింది. కానీ మీదకెళ్ళి అడ్డం పడితే విధులకు ఆటంకం అని కేసు పెడతారు, అందుకని పది అడుగులు వెనక్కి నిలబడండి, అరవకండి, కామెంటరీ చెప్పకండి.

వీడియో ఎంత పని చేస్తుందో ఈ ఊరి వాళ్ళకి వేరే చెప్పాలా? 2020 మేలో నర్సీపట్నం ఆసుపత్రి మత్తు డాక్టర్ గారిని నడిరోడ్డు మీద చొక్కా లేకుండా చేతులు వెనక్కి కట్టేసి ఈడ్చిన వీడియో అందరం చూశాం. ఆ వీడియోతో హైకోర్టుకి లేఖ వెళ్ళింది, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు, వారం తిరక్కుండా సీబీఐకి అప్పగించారు. ఫోన్లు లేకపోతే అది "మద్యం మత్తులో గొడవ" అని నాలుగు లైన్ల వార్తగా మిగిలేది. ఆ డాక్టర్ గారు మరుసటి ఏడాది చనిపోయారు.

తీసినదాన్ని వెంటనే ఇద్దరికి పంపండి, ఫోన్ లాక్కున్నా మిగులుతుంది. ఒరిజినల్ ఫైలు డిలీట్ చేయొద్దు, ఎడిట్ చేసి పాటలు పెట్టొద్దు, కోర్టుకి అసలు ఫైలే కావాలి.

బేడీలు వేయొచ్చా?

1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసు నుంచి మామూలుగా వేయకూడదనే. కొత్త చట్టం 43(3) కొన్ని నేరాలకి అనుమతి ఇచ్చింది, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, టెర్రరిజం, డ్రగ్స్, అలవాటుగా నేరాలు చేసేవాళ్ళు, అలాంటివి. ఆసుపత్రి మంచానికి గొలుసుతో కట్టేసిన సంగతిని 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే తప్పు పట్టింది.

తిరిగి కొట్టొచ్చా?

వద్దు. ఆత్మరక్షణ హక్కు ఉంది గానీ డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద అది చాలా సన్నటి దారి, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం ఉంటే తప్ప కుదరదు. మీరు కాలరు పట్టుకున్న మరుక్షణం వాళ్ళ తప్పు పోయి మీ తప్పు మొదలవుతుంది. తల కాపాడుకోండి, పేరు గుర్తుపెట్టుకోండి.

కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి? కొట్టిన స్టేషన్లోనేనా?

ఎక్కడైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు 173లోనే ఉంది. తీసుకోవాల్సిందే అని 2013 లలితా కుమారి తీర్పు. తీసుకోరు, అది మనకి తెలుసు. అప్పుడు రాతపూర్వకంగా సీపీ (పోలీస్ కమిషనర్) ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపండి, సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల అర్జీలు తీసుకునే చోట, కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్. పోలీసు డ్యూటీలో చేసిందంటే 175(4) కింద పై అధికారి రిపోర్టు కూడా తెప్పించుకుంటారు, కాస్త లేటవుతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు, జరిగిన ఏడాది లోపు పెట్టాలి.

అన్నిటికన్నా ముందు సీసీటీవీ. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లో లాకప్, వరండా, ఎస్సై గది, అన్ని చోట్లా ధ్వనితో సహా కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పారు. "కెమెరా పనిచెయ్యట్లేదు" అనే జవాబు వస్తుంది, రానివ్వండి, అది కూడా రాతలో తీసుకోండి. జరిగిన వారంలోపే "ఫలానా తేదీ, ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా ఫుటేజీ చెరపకుండా ఉంచండి" అని అర్జీ పెట్టి, దానితోపాటు పది రూపాయల ఆర్టీఐ వేయండి.

కేసు పెడితే పగబట్టరా? గెలుస్తామా?

పగబట్టొచ్చు. అబద్ధం చెప్పను. గెలుపు కూడా ఖాయం కాదు. వాకపల్లి చూడండి, 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలో గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం) మీద పదకొండు మంది కోందు గిరిజన ఆడవాళ్ళు పెట్టిన అత్యాచారం కేసు, 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు పోలీసులని వదిలేసింది, కారణం దర్యాప్తు సరిగ్గా చేయకపోవడం, అందుకే బాధితులకి పరిహారం ఇవ్వమని కూడా ఆర్డరేసింది. పదహారేళ్ళు. ఆ తీర్పు గుర్తొచ్చినప్పుడల్లా నాకు మొదటి వారంలో రాయని కాగితాలే గుర్తొస్తాయి.

పరిహారం వేరే దారిలో కూడా వస్తుంది. 1993లో నీలాబతి బెహెరా కేసులో కస్టడీలో చనిపోయిన కుర్రాడి తల్లికి లక్షా యాభై వేలు ప్రభుత్వమే ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది, ఆమె కోర్టుకి రాసింది ఒక ఉత్తరం. కస్టడీలో మనిషి చనిపోతే మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి (196).

లాయర్‌కి డబ్బుల్లేవు

కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ వస్తాడు, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు కాంప్లెక్సులో న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. "ఫ్రీ లాయర్ ఏం చేస్తాడులే" అంటారు గానీ బయట డబ్బు తీసుకునే వాళ్ళే అక్కడ ప్యానెల్లో ఉంటారు, మనం కాగితాలు సరిగ్గా పట్టుకెళ్తే పని జరుగుతుంది. వచ్చేటప్పుడు ఎంఎల్సీ నంబరు, ఫోటోలు ఉన్న ఫోన్, ఆధార్, ఎన్నింటికి ఏం జరిగిందో వరసగా రాసిన ఒక పేజీ తెచ్చుకోండి. పేజీ తెలుగులో రాస్తే చాలు, అక్షరాలు గుండ్రంగా లేకపోయినా పర్లేదు, టైమ్‌లు మాత్రం ఉండాలి.